కొత్త అట్టల మోజు

మా అబ్బాయి ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ వాడికి కొత్త పుస్తకాలే కొన్నాను. పాత పుస్తకం ఒక్కటి కూడా గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. వాడు అడగలేదు. కాలేజీవాళ్లు కొనమనలేదు. మా ఆయన వద్దనే అన్నారు. అయినా కొన్నాను. బిడ్డ చదువు దగ్గర లెక్క చూసుకోని తల్లిని అనుకుని కొన్నాను. అందులో ప్రేమ లేదని అనను. కానీ ఆ ప్రేమ అడుగున నా చిన్నప్పటి ఉక్రోషం ఒకటి ఉండిపోయింది. దాన్ని తీర్చుకోవడానికి వాడి చదువును అడ్డం పెట్టుకున్నాను. పోయింది డబ్బొక్కటే అయితే ఈపాటికి మర్చిపోయేదాన్ని. పోయింది ఇంకా ఉంది. అది చెప్పాలంటే మా ఊరి దాకా వెళ్లాలి.

మాది కొల్లూరు దగ్గర పల్లె. నాన్న బడిపంతులు. అక్క నాకంటే రెండేళ్లు పెద్ద. తను ఒక క్లాసు దాటగానే ఆ పుస్తకాలు అట్టపెట్టెలోకి వెళ్లేవి. నా వంతు వచ్చిన ఏడాది వేసవి సెలవుల చివర్లో నాన్న వాటిని ముందేసుకుని కూర్చునేవాడు. ఊడిన కుట్లను దబ్బనంతో మళ్లీ కుట్టేవాడు. మైదా జిగురు కాచి, పాత క్యాలెండరు కాగితాలతో అట్టలు వేసేవాడు. మొదటి పేజీలో అక్క పేరు ఉండేది. దాన్ని ఒక్క గీతతో కొట్టేసి, కింద నా పేరు గుండ్రంగా రాసేవాడు. ఆ గీత కింద నుంచి అక్క పేరు స్పష్టంగా కనబడేది. క్లాసులో ఎవరైనా నా పుస్తకం తీసుకుని తెరిచినప్పుడల్లా ముందు ఆ పేరే చదివేవాళ్లు. “మీ అక్కవా?” అనేవాళ్లు. ఏ దురుద్దేశమూ లేని మాటే. నాకు మాత్రం మొహం మాడిపోయేది. నాకంటూ వచ్చిన వస్తువు ఈ ప్రపంచంలో ఒక్కటీ లేదనిపించేది.

నిజానికి మా ఊళ్లో అది వింత కాదు. వార్షిక పరీక్షలు అయ్యీ అవకముందే పై క్లాసు పిల్లల ఇళ్లకు పెద్దవాళ్లు వెళ్లి, “మీవాడి పుస్తకాలు ఎవరికీ మాటివ్వకండి, మావాడికి కావాలి” అని చెప్పుకొచ్చేవాళ్లు. బాగుంటే సగం ధర, చిరిగితే పావు. ఎవరూ రాసిపెట్టింది కాదు గానీ ఊరంతా ఆ లెక్క మీదే నడిచేది. చదువు మీద ఆశ ఉండి చేతిలో డబ్బు లేని ఇళ్లన్నీ అలాగే గట్టెక్కాయి.

ఇంకా వెనక్కి వెళ్తే, పుస్తకాలను పదిమందీ పంచుకోవడం మా ప్రాంతానికి గొప్ప చరిత్రే ఇచ్చింది. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో గ్రంథాలయం పెట్టి, కొల్లూరుకీ పెదవడ్లపూడికీ మధ్య కాలువ మీద నడిపించారు. పడవ ఒడ్డున ఉన్న ఊళ్లలో ఆగేది. జనం చదివినవి తిరిగిచ్చి చదవనివి తీసుకునేవాళ్లు. మా తాతయ్య పొలం పని మధ్యలో ఆపి రేవుకు వెళ్లేవాడని నాన్న చెప్పేవాడు. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు లాంటివాళ్లు ఊరూరా గ్రంథాలయం ఉండాలని పట్టుబట్టి తిరిగిన రోజులవి. అలాంటి నేల మీద పుట్టి, అరువు పుస్తకం అంటే చిన్నతనం అనుకుంటూ పెరిగాను.

మేం తెనాలి మారాక అమ్మకు అద్దె పుస్తకాల కొట్టు దొరికింది. ఇరుకు గది, గోడలనిండా నవలలు, బయట స్టూలు మీద కొట్టాయన. ముందు కొంత డిపాజిట్ కట్టాలి, ఆపైన రోజుకింతని అద్దె. యద్దనపూడి సులోచనారాణి నవల చేతికి దొరికిన రోజు మా వాటా ఇళ్లలో పండగే. పొద్దున వంటయ్యాక అమ్మ చదివేది, మధ్యాహ్నం పక్కింటి పిన్నిగారు, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక అక్క. ఒక్కరోజు అద్దెకు ముగ్గురు చదివి, చీకటి పడేలోపు నాచేత వెనక్కి పంపేవాళ్లు. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి కుట్టించిన బైండు పుస్తకాలు కూడా ఆ కొట్లో ఉండేవి. వాటిలో కథ మధ్యలో తలనూనె ప్రకటనలూ, వచ్చేవారం ఏమవుతుందో ఊరించే వాక్యాలూ అలాగే మిగిలిపోయి ఉండేవి. కొనే స్తోమత లేని మా అమ్మ, ఆ కొట్టు పుణ్యాన, చదివిన నవలల లెక్కలో ఇప్పటి నన్ను ఎప్పుడో దాటేసింది. ఈ సంగతి కూడా నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

2018లో మా వాడికి హైదరాబాదులో జేఎన్‌టీయూ కింద ఉన్న కాలేజీలో సీటొచ్చింది. ఆ ఏడాదే కొత్త సిలబస్ రెగ్యులేషన్, ఆర్18. పై ఏడాది పిల్లలది ఆర్16. వాళ్లలో ఒకబ్బాయి మా వీధే. వాళ్లమ్మగారు ఫోన్ చేసి, “ఫస్టియర్ పుస్తకాలన్నీ ఉన్నాయండీ, మీవాడిని పంపండి” అన్నారు. సిలబస్ మారిందండీ అని చెప్పి పెట్టేశాను. మారిన మాట నిజమే. కానీ ఏం మారిందో నేను చూడలేదు. జేఎన్‌టీయూ సిలబస్ కాపీలో ప్రతి సబ్జెక్టు చివరా టెక్స్ట్‌బుక్కుల పేర్లుంటాయి, ఏ ఎడిషనో ఏ సంవత్సరమో కూడా ఉంటుంది. ఆర్18 మొదటి మ్యాథమెటిక్స్ పేపరు కింద రాసి ఉన్నది బి.ఎస్. గ్రేవాల్ ‘హయ్యర్ ఇంజనీరింగ్ మ్యాథమెటిక్స్’, 36వ ఎడిషన్, 2010. యూనివర్సిటీ తానే ఎనిమిదేళ్ల కిందటి ఎడిషన్ చాలని అచ్చేసి ఇచ్చింది. నేను 44వ ఎడిషన్ కొన్నాను. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు రెగ్యులేషన్‌తో మారవు. అధ్యాయాల వరస మారుతుంది, ఏ యూనిట్ ఏ సెమిస్టర్‌లో అన్నది మారుతుంది. అంతకుమించి తేడా ఏమీ లేదు. ఆ కాపీ చివరి పేజీ తిప్పి చూసి ఉంటే అప్పుడే తెలిసేది.

టెక్స్ట్‌బుక్కుల కింద రిఫరెన్స్ బుక్కులని ఇంకో జాబితా ఉంటుంది. అవి లైబ్రరీలో చూసుకోవడానికి. ఆ తేడా కూడా నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. రెండు జాబితాలూ కొన్నాను.

మా ఆయన బి.ఎస్సీ. చదివేటప్పుడు కొన్న పిస్కునోవ్ కాల్క్యులస్ ఇంట్లోనే ఉంది. మాస్కోలో మీర్ పబ్లిషర్స్ వాళ్లు అచ్చేసి ఇక్కడ చవగ్గా అమ్మిన పుస్తకం. అప్పట్లో సోవియట్ పుస్తకాలూ, బ్రిటిష్ ప్రభుత్వం సాయంతో వచ్చిన ఈఎల్‌బీఎస్ చవక ఎడిషన్లూ లేకపోతే మా తరంలో సైన్సు, మెడిసిన్ చదివిన మధ్యతరగతి పిల్లలకు మంచి పుస్తకం చేతికి అందేదే కాదు. ఆయన ఆ పుస్తకం తీసి దుమ్ము దులిపి వాడి బల్ల మీద పెట్టారు. నేను తీసి మళ్లీ బీరువాలో పెట్టేశాను. పసుపు రంగుకొచ్చిన కాగితాలతో నా కొడుకు చదవడమేమిటని.

కోఠి వెళ్లిన రోజు చెప్పాలి. బస్సు దిగగానే పాత పుస్తకాల కొట్లు. ఫుట్‌పాత్ అంచు దాకా పేర్చిన దొంతరలు, వీపుల మీద స్కెచ్ పెన్నుతో రాసిన సబ్జెక్టు పేర్లు. మావాడు ఒక కొట్టు ముందు ఆగాడు. కొట్టతను, “ఏ బ్రాంచి బాబూ? సీఎస్‌ఈ ఫస్టియర్ సెట్టు మొత్తం ఉంది. సగం ధర మేడమ్. సెమిస్టర్ అయిపోయాక నీట్‌గా తెచ్చిస్తే మళ్లీ మేమే తీసుకుంటాం” అన్నాడు. వాడు అప్పటికే ఒక పుస్తకం చేతిలోకి తీసుకుని పేజీలు తిప్పుతున్నాడు. నేను వాడి మోచెయ్యి పట్టుకుని లాగి, “మనకేం ఖర్మ!” అన్నాను. కొట్టతను విన్నాడు. పక్కన తండ్రితో కలిసి బేరం చేస్తున్న ఇంకో కుర్రాడూ విన్నాడు. ఆ తండ్రి తల తిప్పి నన్ను చూశాడు. ఆ వయసులో మా నాన్న ఎలా ఉండేవాడో అలాగే ఉన్నాడు, జేబులో పెన్నుతో సహా. నేను చూపు తిప్పుకుని కొత్త పుస్తకాల షాపులోకి నడిచాను. చేసిన తప్పులన్నిటిలోకీ నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వనిది ఆ మాట.

ఆ కొట్లకు కూతవేటు దూరంలో, సుల్తాన్ బజారులో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటి పెద్దలు పూనుకుని 1901లో పెట్టిన గ్రంథాలయం. ఆ దారిన ఎన్నిసార్లు నడిచానో, ఒక్కసారీ లోపలికి తొంగి చూడలేదు.

నాలుగేళ్లూ అదే వరస. మధ్యలో ఒక పుస్తకానికి ఆన్‌లైన్‌లో గట్టి అట్ట విదేశీ ఎడిషన్ కనబడితే, అదే మంచిదనుకుని తెప్పించాను. మన దేశంలో అమ్మడం కోసమే పెద్ద ప్రచురణకర్తలు మెత్తని అట్టతో, పల్చటి కాగితంతో వేరే ఎడిషన్లు వేస్తారు. ఇండియా, నేపాల్, భూటాన్ లాంటి దేశాల్లో మాత్రమే అమ్మాలని అట్ట మీదే అచ్చేస్తారు. ధరలో బోలెడంత తేడా ఉంటుంది, లోపల పాఠం దాదాపు అదే. మన పిల్లలు అమెరికాకు ఎం.ఎస్.కి వెళ్తూ పచ్చళ్లతోపాటు సూట్‌కేసులో ఈ ఇండియన్ ఎడిషన్లు మోసుకెళ్తారు, అక్కడి ధరలు తట్టుకోలేక. నేను అక్కడి పుస్తకాన్ని ఇక్కడికి తెప్పించాను.

“కాలేజీలో లైబ్రరీ ఉంది కదా, ఫీజుతోపాటు దానికీ కట్టాం” అని మా ఆయన ఒకటి రెండుసార్లు అన్నారు. “ఊరందరూ తిప్పిన పుస్తకాలు వాడికెందుకండీ” అన్నాను. ఆయన మళ్లీ ఎత్తలేదు. ఇంట్లో ఒకరి మాట గట్టిగా చెల్లుతుంటే మిగతావాళ్లు మౌనంగా ఉండటాన్ని ఒప్పుకోలు అనుకుంటాం. నేను అలాగే అనుకున్నాను.

వాడు డిగ్రీ అందుకుని, ఎం.ఎస్.కి టెక్సాస్ వెళ్లాక మేం ఇల్లు మారాం. అటక మీద నుంచి పుస్తకాలు దించాం. చాలావాటికి వాడి పేరు కూడా లేదు. తెరిస్తే వీపు కిర్రుమంది. మొదటిసారి తెరుచుకుంటున్న పుస్తకం చేసే చప్పుడది. కొన్నిటిలో బిల్లు అలాగే ఉంది. ఒక్క పేజీ మీద పెన్సిల్ గీత లేదు. వాడు బాగానే చదివాడు, మంచి మార్కులే వచ్చాయి. మరి దేంట్లో చదివాడు?

ఆటోలో వేసుకుని అదే కోఠికి తీసుకెళ్లాను. వేరే కొట్టతను. వయసు మళ్లిన మనిషి, ఒక్కొక్కటే తీసి చూశాడు. ఆల్ ఇన్ వన్ గైడ్లన్నీ ఒక పక్కకు నెట్టేశాడు. “ఇవి ఆర్18వి మేడమ్. ఇప్పుడు ఆర్22 నడుస్తోంది. ఇవి తూకానికే.” ప్రశ్నలూ జవాబులూ యూనిట్ల వరసలో కూర్చిన గైడు రెగ్యులేషన్‌తో పుట్టి రెగ్యులేషన్‌తో పోతుంది. పేరున్న రచయిత రాసిన అసలు టెక్స్ట్‌బుక్కు ఎన్ని రెగ్యులేషన్లు మారినా అమ్ముడుపోతూనే ఉంటుంది. కొనేటప్పుడు మాత్రం పిల్లలు గైడుకే ఎగబడతారని ఆయనే చెప్పాడు. మిగతా పుస్తకాలకు పావు ధర కట్టాడు. కొత్తగా ఉన్నాయి కదా అన్నాను. ఆయన ఒకటి తీసి తెరిచి చూపించాడు. వేరే ఎవరో పిల్లవాడిది, అంచులనిండా రాతలు. “కొత్తగా ఉన్నా, వాడి ఉన్నా నేనిచ్చేది ఒకటే మేడమ్. పిల్లలు మాత్రం ఇట్లాంటిదే ఏరుకుంటారు. ఏ లెక్క పరీక్షలో వచ్చిందో టిక్కు పెట్టి ఉంటుంది కదా.”

ఆ రాత్రి మావాడికి ఫోన్ చేసి అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. కాలేజీలో బుక్ బ్యాంక్ ఉండేదట. సెమిస్టర్ మొదట్లో ఒక సెట్టు ఇచ్చి, పరీక్షలయ్యాక తీసుకునేవాళ్లు. ప్రతి సెమిస్టర్ తీసుకున్నాడు. మ్యాథ్స్‌కి మాత్రం నేను వద్దన్న ఆ పై ఏడాది అబ్బాయి గ్రేవాలే. వాటిని ఇంటికి తేవడానికి భయపడి స్నేహితుడి గదిలో ఉంచి, అక్కడే చదువుకుని వచ్చేవాడు. “నువ్వు కొన్నవి అంత ఖరీదు పెట్టి కొన్నావు కదమ్మా, వాటి మీద రాయాలంటే చెయ్యి వచ్చేది కాదు. వేరేవాళ్ల పుస్తకాలు నా దగ్గర చూస్తే బాధపడతావని చెప్పలేదు” అన్నాడు.

నా బిడ్డ నాలుగేళ్లపాటు చదువుకోవడాన్ని నా దగ్గర దాచాడు. పిల్లలు సిగరెట్లు దాస్తారని, సినిమాలు దాస్తారని విన్నాను. నావల్ల వాడు పుస్తకాలు దాచాల్సి వచ్చింది.

ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి అక్కకు చేశాను. అక్క పుస్తకాల గురించి చిన్నప్పుడు నేను పడ్డ బాధ మొదటిసారి తనతో అన్నాను. తనేమీ నొచ్చుకోలేదు. “నీకు వస్తుందని తెలిసే రాసేదాన్నే, గుర్తులేదా?” అంది. నాకు గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో, కటకాల పాఠం పక్కన, పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో రాసి ఉండేది: గుర్తులు తారుమారు చేస్తే లెక్క మొత్తం పోతుంది, ముందు బొమ్మ గీసుకో. గణితంలో కష్టమైన లెక్కల దగ్గర ఒక మెట్టు ఎక్కువ వేసి చూపించేది. అవి తన కోసం రాసుకున్నవని ఇన్నాళ్లూ అనుకున్నాను. తనకు అర్థమైన లెక్కకు ఎక్కువ మెట్లు ఎవరు రాసుకుంటారు? రెండేళ్ల తర్వాత ఆ పేజీ దగ్గర కూర్చోబోయే చెల్లెలి కోసం రాసింది అక్క. నేను మొదటి పేజీలో కొట్టేసిన పేరు చూసి ఏడ్చాను గానీ, లోపలి పేజీల్లో నాతో మాట్లాడిన అక్కను గుర్తుపట్టలేకపోయాను. క్లాసులో నేను లెక్కల్లో ముందుండటానికి కారణం నా తెలివే అనుకున్నాను కూడా.

ఆ తర్వాత ఒకరోజు ఆస్తి పన్ను రసీదు ఇంకో సంగతి చెప్పింది. కట్టి వచ్చి ఫైలులో పెడుతూ, ఎప్పుడూ చదవని వరసలు చదివాను. అందులో ఒకటి లైబ్రరీ సెస్. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయాలకు వసూలు చేస్తారు. అంటే ఇల్లు కొన్న నాటి నుంచీ ఏటా ఆ పుస్తకాలకు నేను డబ్బు కడుతూనే ఉన్నాను, ఒక్కటీ తెచ్చుకోకుండా. మర్నాడు మా శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. ఫారం నింపి, కొద్దిపాటి డిపాజిట్ కట్టాను. సభ్యత్వం మానుకుంటే అది తిరిగి ఇచ్చేస్తారు. పుస్తకాల అలమరల దగ్గర నేనొక్కదాన్నే. దినపత్రికల బల్ల దగ్గర మాత్రం జనం ఉన్నారు. కొత్త పుస్తకాలు తక్కువే, బూజు ఎక్కువే, అది దాచను. ఆ సెస్సులో ప్రతి రూపాయీ పుస్తకాలకు చేరాలని గట్టిగా అడగాల్సినవాళ్లం మనం. తెచ్చుకునేవాళ్లు లేకపోతే అడిగేవాళ్లూ ఉండరు.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి కూడా వెళ్లాను. అక్కడ ఇంకో లోకం. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకుంటారు. మెట్ల మీద, చెట్ల కింద, ఎక్కడ చోటుంటే అక్కడ. ఒకమ్మాయి బల్ల మీద తెలుగు అకాడమీ చరిత్ర పుస్తకం, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా. పుస్తకంలో మూడు రంగుల సిరాతో గీతలున్నాయి. ఒక రంగు తనది, మిగతా రెండూ తనకంటే ముందు చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లవని ఆ అమ్మాయి చెప్పింది, గర్వంగా. ఆ గర్వం నాకు పన్నెండేళ్ల వయసులో ఉండి ఉంటే అని అక్కడ నిలబడే అనుకున్నాను.

ఇంకో విషయం చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు. కొడుకును అరువు పుస్తకం ముట్టుకోనివ్వని నేనే, వాట్సాప్‌లో తిరిగే తెలుగు నవలల పీడీఎఫ్‌లు ఏ సంకోచమూ లేకుండా చదివాను. రాసినవాళ్లు బతికున్నవాళ్లు. సొంత డబ్బుతో వెయ్యి కాపీలు వేసుకుని, అమ్ముడుపోక ఇంట్లో పేర్చుకునేవాళ్లు. మరోపక్క మావాడు ఒకసారి లైబ్రరీ పుస్తకంలో రెండు అధ్యాయాలు జిరాక్సు తీయించుకుంటానంటే, అది దొంగతనం అని కోప్పడ్డాను. పాఠం చెప్పడానికి అవసరమైన మేరకు పుస్తకాల్లోని భాగాలను జిరాక్సు తీసి విద్యార్థులకు ఇవ్వడం కాపీరైటు చట్టానికి విరుద్ధం కాదని ఢిల్లీ హైకోర్టు 2016లోనే తీర్పు చెప్పింది. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న జిరాక్సు షాపు మీద పెద్ద పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన కేసది. అంటే తప్పు లేనిచోట కోప్పడ్డాను, తప్పున్నచోట నేనే చేశాను. ఇప్పుడు బతికున్న తెలుగు రచయితల పుస్తకాలు కొత్తవే కొంటున్నాను, డిసెంబరులో హైదరాబాదు బుక్ ఫెయిర్‌కి వెళ్లి, ఆ ఏడాది చదవగలిగినన్నే. పాతకాలపు తెలుగు పుస్తకాలైతే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసినవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగానే ఉన్నాయి. కాపీరైటు తీరిపోయినవి అక్కడ చదువుకుంటాను.

మావాడు ఎం.ఎస్. చదువుతున్నప్పుడు కూడా నేను మారడానికి టైం పట్టింది. పుస్తకాలకు డబ్బు పంపనా అని అడిగాను. అక్కర్లేదన్నాడు. కోర్సు పుస్తకాన్ని యూనివర్సిటీ లైబ్రరీలో రిజర్వులో పెడతారట, కొన్ని గంటలపాటు తీసుకుని చదివి ఇచ్చేయొచ్చు. తమ దగ్గర లేనిది వేరే యూనివర్సిటీ నుంచి తెప్పించి ఇస్తారు. తప్పనిసరైతే సెమిస్టర్‌కు అద్దెకు దొరుకుతుంది. వాడు పేపర్లు దిద్దే మొదటి ఏడాది ఫిజిక్స్ క్లాసులో పిల్లలు పుస్తకమే కొనరని చెప్పాడు. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీవాళ్లు ఓపెన్‌స్టాక్స్ పేరుతో ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టిన టెక్స్ట్‌బుక్కే వాళ్ల పాఠ్యపుస్తకం. అంత సంపన్న దేశంలో అద్దె పుస్తకం ఎవరికీ చిన్నతనం కాలేదు.

2025లో తెనాలిలో మా తమ్ముడి కూతురికి ఇంజనీరింగ్ సీటొచ్చింది. వాళ్లది ఆర్23. ఈసారి ముందు సిలబస్ కాపీ తెప్పించి, ప్రతి సబ్జెక్టు చివరి పేజీ చదివాను. మ్యాథ్స్ కింద గ్రేవాల్ 44వ ఎడిషన్, 2017 అని ఉంది. కోఠిలో అమ్మకుండా ఉంచుకున్న కొద్దిపాటి పుస్తకాల్లో అదొకటి. దాంతోపాటు మా ఆయన పిస్కునోవ్ కూడా పెట్టాను. మొదటి పేజీలో మావాడి పేరు లేదు కాబట్టి కొట్టేయాల్సిన పనీ లేదు. అందుకని వాడికి వీడియో కాల్ చేసి, ఏ అధ్యాయం ఎలా చదవాలో వాడు చెబుతుంటే నేను పెన్సిల్‌తో అంచుల్లో రాశాను. గ్రేవాల్‌లో ముందు చేసిన లెక్కలు చూసి ఆ తర్వాతే అభ్యాసాలకు వెళ్లమన్నాడు. మేట్రిక్స్ దగ్గర ఏ లెక్కలు పదేపదే పరీక్షల్లో వస్తాయో చెప్పాడు. పని పూర్తయ్యేసరికి వాడికక్కడ తెల్లవారింది.

పంపడానికి పోస్టాఫీసుకు వెళ్లాను. చవగ్గా ఉండే పాత బుక్ పోస్ట్ 2024 డిసెంబరులో ఎత్తేశారు. దాని తర్వాత 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని చదువు పుస్తకాల కోసం పెట్టారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అయిదు కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. మెల్లగా వెళ్తుంది గానీ ఎక్కడుందో చూసుకోవచ్చు. కౌంటర్లో అమ్మాయి పార్సిల్ తూచి, అడ్రసు మీద ‘జ్ఞాన్ పోస్ట్’ అని నాచేతే రాయించింది.

అందిన రోజు మేనకోడలు ఫోన్ చేసింది. “అత్తా, బావ చెప్పినట్టు నువ్వు రాశావు కదా, మేట్రిక్స్ దగ్గర అయిదో లెక్క పక్కన ఏం రాశావో చదవడానికి రావట్లేదు” అంది. ఫోటో పంపమని, చూసి చెప్పాను. మిగతావాటిలో కొన్ని వాళ్ల కాలేజీ బుక్ బ్యాంక్‌లో దొరికాయి. ప్రోగ్రామింగ్ పుస్తకం మా తమ్ముడు విజయవాడ వెళ్లినప్పుడు లెనిన్ సెంటర్‌లో పాతది సగం ధరకు తెచ్చాడు, అంచుల్లో రాతలున్నది చూసి మరీ. కెమిస్ట్రీ ఒక్కటి ఎక్కడా దొరకలేదు. అది కొత్తది కొన్నాం.